అవయవ, కణజాల మార్పిడి పరిశోధనకు గ్రాంట్ తెచ్చుకోవడం: రిజిస్టర్ తెరవడం నుంచి ఆఖరి రిపోర్ట్ దాకా

గ్రాంట్ దరఖాస్తు అనగానే చాలామంది ఫారం డౌన్‌లోడ్ చేసుకుని ‘నేపథ్యం’ రాయడం మొదలుపెడతారు. అవయవాల కొరత ఎంత తీవ్రంగా ఉంది, వెయిటింగ్ లిస్టులో ఎంతమంది ఎదురుచూస్తున్నారు అంటూ రెండు పేజీలు గడిచిపోతాయి. ఆ సంగతులన్నీ రివ్యూయర్‌కి (దరఖాస్తును పరిశీలించి మార్కులేసే నిపుణుడికి) కంఠతా వచ్చు. ఆయన వెతికేది వేరు. ఇంతమంది పేషెంట్లు మీకు నిజంగా దొరుకుతారా? అర్ధరాత్రి రెండింటికి కిడ్నీ వస్తే, ఆపరేషన్‌కి ముందు సమ్మతి సంతకం తీసుకునేది ఎవరు? ఐడియా బాగున్నా ఈ రెండింటికీ సమాధానం కనపడక వెనక్కి వచ్చిన దరఖాస్తులు నేను చాలానే చూశాను. వాటిలో ఒకటి నాదే.

కాబట్టి ఫారం పక్కన పెట్టి, ముందు మీ సెంటర్ ట్రాన్స్‌ప్లాంట్ రిజిస్టర్ తెరవండి.

## మొదటి అడుగు: తలలు లెక్కపెట్టడం

గత మూడేళ్ల వివరాలు తీయండి. ఏటా ఎన్ని మార్పిడులు జరిగాయి, అందులో బతికున్న దాతలు ఎందరు, మరణించిన దాతలు ఎందరు, రెండోసారి మార్పిడి ఎంతమందికి జరిగింది, ఏడాది తిరిగేసరికి ఫాలో-అప్‌కి ఎందరు వస్తున్నారు. ఈ అంకెలు నోటిమాటగా ఎవర్నీ అడక్కండి. సర్జన్లు చెప్పే సంఖ్య ఎప్పుడూ రిజిస్టర్‌లో ఉన్నదానికంటే పెద్దదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కిడ్నీ మార్పిడి జరిగిన మొదటి ఏడాదిలో రిజెక్షన్ (కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టడం) 20 శాతం మందికి వస్తోందనుకోండి. కొత్త పద్ధతిలో అది 10 శాతానికి తగ్గుతుందని మీ అంచనా. 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం), 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) లెక్క కడితే ఒక్కో గ్రూపుకు దాదాపు 200 మంది కావాలి. మధ్యలో 10 శాతం మంది తప్పుకుంటారని కలుపుకుంటే ఒక్కో గ్రూపుకు 222, మొత్తం 444.

ఇప్పుడు రెండో కాలమ్. మీ దగ్గర ఏటా 60 మార్పిడులు జరుగుతాయి. పిల్లల్ని, రెండోసారి మార్పిడి వాళ్లని, యాంటీబాడీలు ఎక్కువున్న వాళ్లని తీసేస్తే 36 మిగులుతారు. అందులో సగంమంది ఒప్పుకున్నా ఏడాదికి 18. ఆ లెక్కన 444 మంది పూర్తవడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. మీరు రిటైరయ్యే నాటికి ట్రయల్ ముగుస్తుందన్నమాట! అదే స్థాయి సెంటర్లు తొమ్మిది కలిస్తే మూడేళ్లలో అవుతుంది. అయితే తొమ్మిది సెంటర్లూ ఒకే రోజు మొదలుపెట్టవు. ఒకచోట ఎథిక్స్ కమిటీ ఆలస్యం, మరోచోట ఒప్పందం మీద సంతకం ఆలస్యం. నాలుగేళ్లు రాసుకోవడమే మర్యాద.

రిజెక్షన్ ఇప్పటికే 10 శాతమే ఉండి, దాన్ని 5కి తగ్గించాలనుకుంటే ఒక్కో గ్రూపుకు 430 దాటుతుంది. ఈ రంగం సాధించిన విజయమే ఇక్కడ మన నెత్తిన కూర్చుంది. రిజెక్షన్‌ని ఆపే మందుల్లో అమెరికాలో సైక్లోస్పోరిన్‌కి 1983లో, టాక్రోలిమస్‌కి 1994లో అనుమతి వచ్చాక మొదటి ఏడాది ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. ఇప్పుడు అంతకంటే మెరుగని నిరూపించాలంటే వందల మంది పేషెంట్లు కావాలి. టాక్రోలిమస్ తక్కువ మోతాదులో వాడటం మేలని 2007లో చూపించిన సింఫనీ ట్రయల్‌లో 1,645 మంది ఉన్నారు. దాని వెనక ఒక మందుల కంపెనీ డబ్బు ఉంది.

అంకెలు కుదరకపోతే నిరాశపడకండి, ప్రశ్న మార్చండి. అసలు ట్రయల్‌కి ముందు ‘ఇది చేయగలమా’ అని తేల్చే చిన్న పైలట్‌కి డబ్బు అడగవచ్చు. అవును-కాదు తరహా ఫలితానికి బదులు కిడ్నీ పనితీరు లాంటి కొలతను ఎంచుకోవచ్చు. ఉన్న జాతీయ రిజిస్ట్రీ మీదే ట్రయల్ నడపవచ్చు. వీటిలో ఏదీ కుదరకపోతే ఆ ప్రశ్న మీ సెంటర్‌ది కాదు.

## రెండో అడుగు: దేన్ని కొలుస్తారు

మార్పిడిలో అసలైన ఫలితం ఒక్కటే: గ్రాఫ్ట్ (మార్పిడి చేసిన అవయవం) ఎన్నేళ్లు పనిచేసింది, మనిషి ఎన్నేళ్లు బతికాడు. కానీ గ్రాంట్ మూడు నుంచి అయిదేళ్లే ఉంటుంది. అందుకని మధ్యలో కనిపించే గుర్తుల్ని పట్టుకుంటాం. ప్రతిదానిలోనూ ఒక చిక్కు ఉంది, రివ్యూయర్ వేలు సరిగ్గా దాని మీదికే వెళ్తుంది.

మొదటి వారంలో డయాలిసిస్ అవసరమైతే ‘గ్రాఫ్ట్ ఆలస్యంగా పనిచేసింది’ అంటాం. వారంలోనే తేలిపోతుంది, లెక్కకు సులువు. అయితే డయాలిసిస్ పెట్టాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. పొటాషియం కొంచెం పెరిగిందని ఒకరు పెడతారు, ఇంకొకరు ఆగుతారు. ఎవరికి ఏ చికిత్స అందిందో ఆ డాక్టర్‌కి తెలిసిపోతే ఫలితం అక్కడే వంకర పోతుంది. డయాలిసిస్ ఏ పరిస్థితుల్లో పెట్టాలో ప్రోటోకాల్‌లో ముందే రాసేయండి.

రిజెక్షన్‌ని బయాప్సీతో తేలుస్తారు. 1991లో కెనడాలోని బాన్ఫ్‌లో మొదలైన వర్గీకరణే ఇప్పటికీ ప్రామాణికం. కానీ అది కొన్నేళ్లకోసారి మారుతూ ఉంటుంది. ఏ ఏడాది వెర్షన్ వాడతారో రాయని దరఖాస్తులు ఆశ్చర్యపడేంత ఎక్కువ. స్లైడ్లన్నీ ఒకేచోట, పేషెంట్ ఏ గ్రూపో తెలియని పాథాలజిస్ట్ చదువుతారని ఒక వాక్యం రాయండి, దానికి బడ్జెట్‌లో ఒక గీత కేటాయించండి.

కిడ్నీ పనితీరు, యాంటీబాడీలు, బయాప్సీ వివరాలు కలిపి దీర్ఘకాల ఫలితాన్ని అంచనా వేసే ఐబాక్స్ స్కోరును యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2022లో ద్వితీయ ఎండ్‌పాయింట్‌గా (ట్రయల్‌లో కొలిచే రెండో స్థాయి ఫలితంగా) ఆమోదించింది. మందుల ట్రయల్ అయితే దీని ప్రస్తావన ఉండాలి. మూడు నాలుగు ఫలితాల్ని కలిపి ఒకే ఎండ్‌పాయింట్‌గా చూపించే అలవాటు కూడా ఉంది. అందులో ‘ఫాలో-అప్‌కి రానివాళ్లు’ కూడా కలిసి ఉంటే జాగ్రత్త. మీ కొత్త మందు మంచిదై గెలిచిందో, ఆ గ్రూపు వాళ్లు క్రమం తప్పకుండా వచ్చి గెలిచారో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న ఎంత సూటిగా ఉండవచ్చో చూపడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటి. బ్రెయిన్ డెడ్ అయిన దాత శరీర ఉష్ణోగ్రతను 34-35 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గిస్తే, గ్రహీతలో కిడ్నీ తొందరగా పనిచేస్తుందా? 370 మంది దాతలతో చేసిన ఈ ట్రయల్ ఫలితం 2015లో వచ్చింది. చల్లబరిచిన గ్రూపులో 28 శాతం గ్రహీతల్లో కిడ్నీ ఆలస్యంగా పనిచేసింది, మామూలు గ్రూపులో 39 శాతం మందిలో. తేడా స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. ఇక్కడ అమ్ముకోవడానికి మందు లేదు, మిషన్ లేదు. ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ హెచ్‌ఆర్‌ఎస్‌ఏ పెట్టింది.

## మూడో అడుగు: ఎవరి తలుపు తట్టాలి

మీ ప్రశ్నకు జవాబు దొరికితే ఎవరికి లాభం? డబ్బు అక్కడే ఉంటుంది. పేటెంట్ లేని పాత మందు, చల్లబరిచే పద్ధతి, అవయవాల కేటాయింపు విధానం లాంటివైతే ప్రభుత్వ నిధి. కొత్త మందు, కొత్త పర్ఫ్యూజన్ మిషన్ (బయటికి తీసిన అవయవంలో ద్రవం ప్రవహింపజేసేది) అయితే కంపెనీ, లేదా ప్రభుత్వం-కంపెనీ కలిసి.

పెద్ద ప్రభుత్వ నిధుల్లో అమెరికా ఎన్‌ఐహెచ్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్) అందరికీ తెలిసిందే. కానీ అది ఒక గొడుగు, కింద పాతికకు పైగా ఇన్‌స్టిట్యూట్లూ సెంటర్లూ ఉన్నాయి. రోగనిరోధక ప్రశ్నలకు ఎన్‌ఐఏఐడీ, కిడ్నీ-లివర్‌కి ఎన్‌ఐడీడీకే, గుండె-ఊపిరితిత్తులకు ఎన్‌హెచ్‌ఎల్‌బీఐ, కార్నియాకి (కంటి ముందు ఉండే పారదర్శక పొర) నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్. ఎన్‌ఐఏఐడీ 2004లో మొదలుపెట్టిన సీటాట్ అనే కూటమి పూర్తిగా అవయవ మార్పిడి ట్రయల్స్‌దే. అక్కడి కోడ్ పేర్లు కూడా తెలుసుకోవాలి. పెద్ద ప్రాజెక్టుకి ఆర్01, ట్రయల్ ప్రణాళికకు ఆర్34, పేషెంట్లతో పరిశోధన నేర్చుకుంటున్న యువ డాక్టర్లకు కే23. మొదటి ప్రయత్నంలోనే ఆర్01తో కుస్తీ పట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన నిధి ఎన్‌ఐహెచ్‌ఆర్ ఉంది. యూరప్‌లో 2021-2027 కాలానికి యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధి హొరైజన్ యూరప్ నడుస్తోంది, దానికి చాలా దేశాల సెంటర్లు కలిసి రావాలి. ఆ తరహా యూరోపియన్ నిధితో నడిచిన కోప్ కూటమి 220 లివర్లతో చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. లివర్‌ని ఐసుపెట్టెలో ఉంచడం కంటే శరీర ఉష్ణోగ్రతలో రక్తం ప్రవహింపజేస్తూ ఉంచితే దెబ్బతినడం సగానికి తగ్గిందని అది చూపించింది. ఇండియాలో ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, క్లినికల్ పరిశోధకులకు ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ ఉన్నాయి.

వృత్తి సంఘాల గ్రాంట్లు చిన్నవి. ట్రాన్స్‌ప్లాంటేషన్ సొసైటీ (1966), యూరోపియన్ సంఘం ఈసాట్ (1982), అమెరికన్ సొసైటీ ఆఫ్ ట్రాన్స్‌ప్లాంటేషన్ లాంటివాటికి సాధారణంగా సభ్యత్వం ఉండాలి. యువ పరిశోధకులకు మొగ్గు ఎక్కువ. ఈ చిన్న డబ్బుతో వచ్చే పైలట్ అంకెలే రేపు పెద్ద గ్రాంట్‌లో మీ ‘ప్రాథమిక డేటా’ అవుతాయి.

కంపెనీ డబ్బయితే ఒప్పందంలో రెండు క్లాజులు మాత్రం మీరే చదవండి, లీగల్ డిపార్ట్‌మెంట్‌కి వదలకండి. డేటా ఎవరిది? ఫలితం వ్యతిరేకంగా వస్తే ప్రచురించే హక్కు మీకుందా?

ఎవరిని ఎంచుకున్నా, దరఖాస్తు రాయకముందే అక్కడి ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి (ఆ నిధి పథకాన్ని చూసుకునే అధికారికి) ఈ-మెయిల్ పెట్టండి. ప్రశ్న ఒక వాక్యం, పేషెంట్లు ఎందరు, ఎన్ని సెంటర్లు, ఎంత డబ్బు, ఎన్నేళ్లు, చివర్లో ‘ఇది మీ పరిధిలోకి వస్తుందా?’ ఇంతే. ‘రాదు’ అని వారంలో జవాబు వస్తే ఆరు నెలల శ్రమ తప్పినట్టే.

## నాలుగో అడుగు: సమ్మతి ఎవరిది, ఎప్పుడు

మిగతా క్లినికల్ పరిశోధనకీ మార్పిడికీ అసలు తేడా ఇక్కడుంది. పైన చెప్పిన ఉష్ణోగ్రత ట్రయల్‌నే తీసుకోండి. చికిత్స ఇచ్చేది దాతకి, ఫలితం కనిపించేది గ్రహీతలో. ఒక దాత నుంచి రెండు కిడ్నీలు, లివర్, గుండె వేర్వేరు ఆస్పత్రులకు వెళ్లొచ్చు. మీరు కిడ్నీ కోసం చేసిన పని గుండె తీసుకున్నవాళ్ల మీద ప్రభావం చూపితే? వాళ్లు మీ ట్రయల్‌లో చేరినట్టా, చేరనట్టా? చాలాచోట్ల చట్టం దృష్టిలో మరణించిన వ్యక్తి ‘పరిశోధనలో పాల్గొన్న మనిషి’ కాడు, గ్రహీత అవుతాడు. మీ దేశపు చట్టం, మీ ఎథిక్స్ కమిటీ ఏమంటాయో దరఖాస్తుకి ముందే రాతపూర్వకంగా తెచ్చుకోండి.

కుటుంబం దానానికి ఒప్పుకోవడం వేరు, పరిశోధనకు ఒప్పుకోవడం వేరు. రెండూ ఒకే కాగితంలో కలిపేయొద్దు.

గ్రహీత విషయంలో సమస్య గడియారం. ఫోన్ రాగానే పరిగెత్తుకొచ్చిన మనిషి, ఆనందం, భయం, టెన్షన్ అన్నీ కలిసి ఉన్న ఆ గంటలో పన్నెండు పేజీల పత్రం చదివి సంతకం పెట్టాలంటే అది సమ్మతి అనిపించుకోదు. పని జరిగే పద్ధతి ఇది: వెయిటింగ్ లిస్టులో ఉండగానే, క్లినిక్‌కి వచ్చినప్పుడు తీరిగ్గా వివరించి సంతకం తీసుకోవాలి. అవయవం వచ్చిన రాత్రి ‘ఇంకా ఇష్టమేనా?’ అని ఒక్క మాట అడిగి నమోదు చేయాలి. దరఖాస్తులో ఈ రెండు దశలూ రాసి, ఆ రాత్రి అడిగేది ఎవరో కూడా చెప్పండి. ఆపరేషన్ చేసే సర్జన్ మాత్రం కాకూడదు.

అవయవాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్న విషయంలో అనుమానానికి తావివ్వొద్దు. అవయవ వ్యాపారానికి వ్యతిరేకంగా 2008లో వచ్చి 2018లో సవరించిన ఇస్తాంబుల్ డిక్లరేషన్‌కీ, 2010 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక సూత్రాలకీ కట్టుబడతామని రాయండి. మొదటి పేషెంట్ చేరకముందే ట్రయల్‌ని బహిరంగ ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2005 నుంచి పెద్ద వైద్య పత్రికలు అది లేనిదే ప్రచురించడం లేదు.

కణజాలాల దగ్గర ఈ గడియారం కాస్త నెమ్మదిస్తుంది. కార్నియా రోజుల తరబడి నిల్వ ఉంటుంది, ఎముక, చర్మం గడ్డకట్టిస్తే ఇంకా ఎక్కువ కాలం. సమ్మతి పగటిపూటే తీసుకోవచ్చు, రాత్రి డ్యూటీల ఖర్చు తగ్గుతుంది. ఇక్కడ ప్రశ్నలు టిష్యూ బ్యాంకు రోజువారీ నిర్ణయాల్లోంచే పుడతాయి. కార్నియాని ఎన్ని రోజుల దాకా వాడొచ్చు అన్న మామూలు ప్రశ్నతో నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ నిధులతో 1,330 కళ్ల మీద ఒక ట్రయల్ జరిగింది. 2017లో ఫలితం వచ్చింది. మూడేళ్ల తర్వాత విజయశాతం 7 రోజుల్లోపు వాడినవాటిలో 95.3, 8 నుంచి 14 రోజుల మధ్య వాడినవాటిలో 92.1. ఐ బ్యాంకులో ఫోన్ ఎత్తే మనిషికి పనికొచ్చే జవాబు అది.

## అయిదో అడుగు: ఆ ఒక్క పేజీ

ఎన్‌ఐహెచ్ దరఖాస్తులో లక్ష్యాలకు ఇచ్చేది ఒకే పేజీ, ఆ తర్వాత ఆర్01కి పన్నెండు పేజీల ప్రణాళిక. కమిటీలో చాలామంది శ్రద్ధగా చదివేది ఆ ఒక్క పేజీనే. నెల సమయం ఉంటే పది రోజులు దానికే ఇవ్వండి.

ఇలా రాసిన వాక్యం నాకు తరచూ ఎదురవుతుంది: ‘గ్రహీతల్లో రోగనిరోధక చర్యలను సమగ్రంగా అధ్యయనం చేసి మెరుగైన ఫలితాలకు బాటలు వేయడం మా లక్ష్యం.’ ఇందులో తప్పేమీ లేదు, సమాచారమూ లేదు. అదే మనిషితో అరగంట మాట్లాడాక వచ్చిన వాక్యం ఇది: ‘మొదటి కిడ్నీ మార్పిడి జరిగిన 444 మంది పెద్దవాళ్లలో, మూడో నెల నుంచి స్టెరాయిడ్ ఆపేస్తే ఏడాదిలోపు బయాప్సీలో తేలే రిజెక్షన్ పెరగదా అని 9 సెంటర్లలో పరీక్షిస్తాం.’ ఇది చదివాక రివ్యూయర్ వాదించవచ్చు, సందేహపడవచ్చు. ‘పెరగదు’ అని తేల్చాలంటే సంఖ్య లెక్క వేరే పద్ధతిలో వేయాలి కదా అని అడగవచ్చు కూడా. (అడిగారు. ఆ అంకె మొత్తం మార్చాల్సి వచ్చింది.) స్టాటిస్టీషియన్‌ని దరఖాస్తు పూర్తయ్యాక సంతకం కోసం పిలిచే పద్ధతి మానుకోమని చెప్పేది ఇందుకే.

## ఆరో అడుగు: బడ్జెట్

బడ్జెట్ చూస్తే ట్రయల్ నడిపినవాళ్లెవరో, నడపనివాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. నడపనివాళ్లు కిట్లకు ఎక్కువ, మనుషులకు తక్కువ రాస్తారు.

అవయవాలు రాత్రనక పగలనక వస్తాయి. ఒక్క కోఆర్డినేటర్‌తో వారమంతా నడవదు. రొటేషన్‌లో కనీసం ముగ్గురు, ఆన్-కాల్ భత్యం, రాత్రి ప్రయాణం రాయండి. బయాప్సీలు మామూలు చికిత్సలో భాగమా, ట్రయల్ కోసం అదనమా అన్నది విడదీయండి. అదనపువైతే ఆ ఖర్చంతా, వాటి వల్ల రక్తస్రావమైతే చికిత్స ఖర్చుతో సహా మీదే. దాత మీద ప్రత్యేకంగా తయారయ్యే యాంటీబాడీల పరీక్ష ఖరీదైనది. నమూనాలు ఫ్రీజర్‌లో దాచి ఒకే విడతలో చేస్తే డబ్బూ మిగులుతుంది, ల్యాబ్ తేడాలూ తగ్గుతాయి. కానీ ఫలితం ఆ పేషెంట్ చికిత్సకు వెంటనే అవసరమైతే ఆ పొదుపు తగదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కి అలారం, బ్యాకప్ కరెంటు, చూసుకునే మనిషి కావాలి. ఇన్సూరెన్స్, స్వతంత్ర భద్రతా కమిటీ సమావేశాలు, దూరం నుంచి వచ్చే పేషెంట్ల ప్రయాణ ఖర్చు, డేటా సిస్టమ్ మర్చిపోకండి. మీ సంస్థ ఓవర్‌హెడ్ (తన నిర్వహణ ఖర్చుకు గ్రాంట్‌లోంచి పట్టుకునే వాటా) ఎంత తీసుకుంటుందో ఫైనాన్స్ ఆఫీసుని మొదటి వారంలోనే అడగండి.

తక్కువ అడిగితే ఇస్తారనుకోవడం భ్రమ. తక్కువ అడిగినవాళ్లకి పని తెలియదనుకుంటారు.

## వెనక్కి వస్తే

చాలాసార్లు వస్తుంది. ఎన్‌ఐహెచ్ స్కోరు 10 నుంచి 90 దాకా ఉంటుంది, తక్కువ వస్తేనే మంచిది. సవరించి మళ్లీ పంపడానికి 37 నెలల గడువు, ఏం మార్చారో చెప్పే ఒక పేజీ ముందుమాట ఉంటాయి. రివ్యూయర్ల వ్యాఖ్యలు వచ్చిన రోజు జవాబు రాయకండి. వారం ఆగి, వ్యాఖ్యలన్నిటినీ మూడు కుప్పలుగా వేయండి: ఒకటి ‘నిజమే, సరిదిద్దాలి’; రెండు ‘నిజం కాదు, కానీ మనం సరిగ్గా రాయలేదు’; మూడు ‘ఒప్పుకోలేం’. మూడో కుప్పలో రెండుకి మించి ఉంటే ఇంకో వారం ఆగండి. నా దరఖాస్తు తిరిగొచ్చినప్పుడు ఆ కుప్పలో ఏడు వేశాను. నెల తర్వాత చూస్తే అందులో ఆరు రెండో కుప్పవే.

## డబ్బు వచ్చాక

మొదటి రోజు నుంచే స్క్రీనింగ్ లాగ్ పెట్టండి. ఎవరిని పరిశీలించారు, ఎందుకు తీసుకోలేదు, ఎవరు వద్దన్నారు. మూడో నెలలో చేరిక అనుకున్నదానికంటే సగమే ఉంటే కారణం ఆ లాగ్‌లోనే కనిపిస్తుంది. చాలాసార్లు రాత్రి షిఫ్ట్‌లో ఎవరూ అడగకపోవడమే. అనుకున్నంతమంది రావడం లేదని ఫండర్‌కి మీరే ముందు చెప్పండి. ఏడాది రిపోర్ట్‌లో వాళ్లు కనిపెట్టేదాకా ఆగితే గడువు పొడిగించమని అడగడం కష్టమవుతుంది.

ఆఖరి పేషెంట్ చేరేసరికి గ్రాంట్‌లో ఏడాదే మిగిలి ఉంటుంది, గ్రాఫ్ట్ మాత్రం ఇంకా పదేళ్లు పనిచేయొచ్చు. గ్రాంట్ ముగిశాక కూడా రిజిస్ట్రీ ద్వారా వాళ్ల వివరాలు చూసుకునే అనుమతిని సమ్మతి పత్రంలో మొదటి రోజే ఒక గీతగా చేర్చుకోండి. మిగిలిన నమూనాలు ఎంతకాలం, ఎవరి ఫ్రీజర్‌లో ఉంటాయో కూడా అక్కడే రాయండి.